యంజ్‌మా బండి నాలుగో చక్రం

యంజ్‌మాకి బండి పని ఎవరు నేర్పారని ఇప్పుడు మా ఉలాన్‌షంద్‌లో ఎవరినడిగినా "నేనే" అంటారు. పచ్చి అబద్ధం. ఎవ్వరూ నేర్పలేదు. గాలి దిగిన టైరు ముందు ఆ పిల్ల చతికిలబడి కూర్చుంటే పళ్ళికిలించుకుంటూ పక్కనుంచి పోయినవాళ్ళే అందరూ. బడి వసతిగృహంలో ఇరవై ఎనిమిదేళ్ళు గొర్రెమాంసం చారు కాచినదాన్ని, వంటింటి కిటికీలోంచి అన్నీ చూశాను. ఎవరెవరు నవ్వారో నాకు పేరుపేరునా గుర్తుంది.

ఆమె డ్రైవరు ఇంట పుట్టినది కాదు. పశువుల సంఘంలో పదకొండేళ్ళు పాలు పితికింది. సంఘం ఎత్తేసి ఆస్తులు పంచిన ఏడాది, టోపీలో చీటీలు వేసి తీయమన్నారు. ఒకరికి గొర్రెలొచ్చాయి, ఒకరికి గుర్రాలొచ్చాయి, నాకు ఒక కుట్టుమిషనూ రెండు మేకలూ వచ్చాయి. యంజ్‌మా చీటీలో సంఘం బండి వచ్చింది. మేమంతా పుర్గోన్ అంటాం, ఆ బూడిదరంగు రష్యా వ్యానుని. ఇంజను దగ్గుతుంది, తలుపు తాడుతో కట్టాలి, నాలుగు టైర్లూ లామా గుండులా నున్నగా ఉన్నాయి. స్టెప్నీ ఊసే లేదు. ఇద్దరు ఆడపిల్లల తల్లి, మొగుడు లేడు, ఉన్నాడని ఎప్పుడూ చెప్పనూ లేదు, మా వైపు దానికెవరూ ముక్కున వేలేసుకోరు. కానీ ఆడదానికి బండి వచ్చిందంటే మాత్రం ఊరంతా పొట్టలు పట్టుకున్నారు.

"యంజ్‌మా, దాన్ని ఎలా పితుకుతావే?" అన్నాడు ఉన్ని కొనే షరవ్, అందరి ముందూ.

"నువ్వు దూడలా ముందుకొచ్చి నిలబడు, చేపు అదే వస్తుంది," అందామె.

నేను ఆ రోజే అనుకున్నాను, ఇది గట్టి పిండమని.

రోజుకొక టైరు దిగిపోయేది. మొదటిసారి తనే పంక్చర్ వేసుకుందామని ఇనపపట్టీలతో టైరు ఊడదీసి, చిల్లు పూడ్చి, తిరిగి ఎక్కించేటప్పుడు పట్టీకీ రిమ్ముకీ మధ్య ట్యూబు నలిగి ఇంకో రెండు చిల్లులు పడ్డాయి. వాటిని పూడ్చబోతే మరొకటి. చీకటిపడేదాకా అదే పని. మా ఊరి నుంచి జిల్లా పట్నానికి ముప్పై అయిదేళ్ళు బండి తోలిన త్సెవీన్ పెద్దయ్య అక్కడే బావి దగ్గర కూర్చుని గుర్రాలకు నీళ్ళు పెట్టుకుంటున్నాడు. ఆయన రెండు ముక్కలు చెబితే అయిపోయేది. చెప్పలేదు. "ఆడదాని చేతికి పానా ఇస్తే బండి అలుగుతుంది," అనేసి వెళ్ళిపోయాడు. ఆ రాత్రి మా వసతిగృహానికి తిండికొచ్చిన ఆ ముసలాడికి చారులో మాంసం ముక్క వెయ్యలేదు నేను.

యంజ్‌మా ఏడవలేదు. మర్నాటి నుంచి త్సెవీన్ బండి ఎక్కడాగితే అక్కడ ఏదో వంకతో నిలబడేది. ట్యూబులో ముందు గుప్పెడంత గాలి పోసి గుండ్రంగా చేసుకుంటే టైరులో పెట్టేటప్పుడు నలగదని ఆయన చేతులు చూసి తెలుసుకుంది. పాత ట్రాక్టరు పిస్టన్ ఒకటి సంపాదించింది. చిల్లు మీద ఆకురాయితో రుద్ది, పెట్రోలుతో తుడిచి, పచ్చి రబ్బరు ముక్క అతికించి, దానిపైన పిస్టన్ బిగించి, ఆ గిన్నెలాంటి గుంటలో చెంచాడు పెట్రోలు పోసి అంటించాలి. మంట ఆరేసరికి రబ్బరు ఉడికి ట్యూబులో కలిసిపోతుంది. గోరుతో గీరినా ఊడదు. ఆమె గుడారం వెనక ఆ చిన్న మంట సాయంత్రాలు కనబడేది. మూడేళ్ళలో ఆ ట్యూబుల మీద అసలు రబ్బరు కన్నా అతుకులే ఎక్కువయ్యాయి.

ఇంతలో త్సెవీన్‌కి కంటిలో పొర వచ్చింది. ఎదురుగా ఒంటె ఉంటే రెండు కనిపిస్తున్నాయట. వారానికి రెండుసార్లు పట్నానికి పోయే ఆ దారి బండి, అంటే టపా, జనం, బడి సామాను, అన్నీ ఇక ఎవరికప్పగించాలా అని ఊరి సభ ఆలోచనలో పడింది. అడిగినవాళ్ళు ఇద్దరు. ఒకడు గంజూర్, ఖోర్లో పెద్దమ్మ కొడుకు. కొత్త టైర్లు, రెండు స్టెప్నీలు, బండిలో పాటల పెట్టె. రెండోది యంజ్‌మా. దారి బండి దొరక్కపోతే ఆమె ముందున్నది ఒకటే దారి: బండిని పాత ఇనుము కింద తూచి అమ్మేసి, అక్క మొగుడి మందలో మళ్ళీ పాలు పితకడం. ఆ మాట నాతో ఒక్కసారే అంది. "అక్కా, పాలు పితకడం నాకు తప్పు కాదు. కానీ ఒకసారి చక్రం పట్టుకున్నాక ఇంకొకరి మంద వెనకాల నడవలేను," అంది.

పరీక్ష త్సెవీనే పెట్టాడు. ఇద్దరూ చెరొకసారి పట్నం వెళ్ళి రావాలి. పక్క సీట్లో తాను కూర్చుంటాడు, చెయ్యి ఆడించడు, నోరు విప్పడు. దారిలో ఏమైనా సరే, ఇంకో బండివాడి చెయ్యి పడకూడదు. ఆగస్టు ఆఖరి శనివారం సాయంత్రం అయిదింటికి సభ. గంజూర్ గురువారం వెళ్ళి శుక్రవారం పొద్దున వచ్చేశాడు, మేకు కూడా గుచ్చుకోలేదు. అదృష్టం మొహం చూసి రాదు కదా.

యంజ్‌మా శుక్రవారం మధ్యాహ్నం వెళ్ళి శనివారం తెల్లవారుతూనే తిరిగి బయలుదేరింది. వెనకాల బడి పుస్తకాల కట్టలు, షరవ్ పట్నంలో ధర పలక్క వెనక్కి తెస్తున్న ఆరు బస్తాల గొర్రె ఉన్ని, అతనిదే ఇరవై లీటర్ల డబ్బాతో ఐరాగ్, మేం పదకొండు మందిమి. పులిసిన గుర్రప్పాల వాసనతో బండంతా ఘుమఘుమలాడుతోంది. నేను పుస్తకాల మీద కూర్చున్నాను. నా ఎదురుగా ఖోర్లో పెద్దమ్మ. పన్ను నొప్పని పట్నం వెళ్ళి, డాక్టరు సోమవారం రమ్మన్నాడని తిరిగి వస్తోంది. కొడుకు బండిలో రావచ్చుగా అంటే, వాడు తొందరపడి తల్లిని వదిలేసి వచ్చేశాడు. ఆ కోపం కొడుకు మీద చూపించలేక యంజ్‌మా మీద చూపిస్తోంది.

"పాలమ్మాయ్, కొంచెం మెల్లగా! నా పళ్ళు కాదు, పేగులు కూడా ఊడేట్టున్నాయి."

"సరే పెద్దమ్మా."

"ఇంత మెల్లగానా? ఇంకెంత దూరం? ఎప్పటికి చేరతాం?"

దారిలో ఉండగా ఎప్పటికి చేరతామని అడిగేవాళ్ళు మాలో ఉండరు. అడిగితే దారి వింటుంది. షరవ్ నెత్తి కొట్టుకున్నాడు. "నీ నోట్లో ఎండు పెరుగు ముక్క వేసుకుని చప్పరించరాదూ పెద్దమ్మా! ఏం మాటలవి!"

ఇంకో కొండ దిగామో లేదో, కుడివైపు వెనక చక్రం ఠప్పుమంది.

"చూశావా! చూశావా!" అని పదిమందీ ఖోర్లో మీద పడ్డారు. త్సెవీన్ టోపీ సర్దుకుని కిటికీలోంచి బయటికి చూశాడు. యంజ్‌మా మాత్రం దిగి, చొక్కా చేతులు పైకి మడిచి, "కాళ్ళు చాపుకోండి. టీ మరిగేలోపు అయిపోతుంది," అంది.

అన్నట్టే చేసింది. చక్రం నేల మీద ఉండగానే పానా మీద ఎక్కి నిలబడి నట్లు వదులు చేసింది. చదునైన రాయి వెతికి జాకీ పెట్టింది. చక్రం ఊడదీసి, ఇరుసుని రాళ్ళ మీద నిలిపి జాకీ లాగేసి, చక్రాన్ని బంపరు కింద పడుకోబెట్టి, టైరు అంచు మీద జాకీ ఆనించి తిప్పితే, బండి బరువుకి అంచు పటుక్కున రిమ్మును వదిలేసింది. పాత మేకు, వేలెడంత పొడవు. ఆకురాయి, పెట్రోలు, రబ్బరు, పిస్టన్, మంట. పంపుతో గాలి కొడుతుంటే నేను లెక్కపెట్టాను, నాలుగు వందల పన్నెండు. నా టీ ఇంకా పొంగు రాలేదు. కొత్తగా పెళ్ళైన జంట ఒకటి మాతో ఉంది, ఆ పిల్ల చప్పట్లు కొట్టింది. త్సెవీన్ టీ తాగి, గిన్నె నాకిచ్చి, వెళ్ళి తన సీట్లో కూర్చున్నాడు. ఏమైనా అన్నాడా? రాయి.

అసలు కథ ఇంకా వంద కిలోమీటర్లు పోయాక మొదలైంది. టైం పదిన్నర. అదే చక్రం మెల్లమెల్లగా కుంగుతోంది. ఠప్పుమని పోతే తంటా లేదు, కారణం కళ్ళ ముందుంటుంది. ఇది దొంగ చిల్లు. దిగి ట్యూబు తీసి చూసింది, మేకూ లేదు, ముల్లూ లేదు. పొద్దున వేసిన అతుకు రాయిలా ఉంది. చెవి దగ్గర పెట్టుకుంటే మైదానంలో గాలి హోరు తప్ప ఇంకేమీ వినబడదు. బయట కావలసినంత గాలి, టైరులోనే లేదు. ట్యూబు ముంచి చూడ్డానికి నీళ్ళు లేవు, ఉన్న నీళ్ళన్నీ అంతకుముందే మరిగిపోయిన రేడియేటర్లో పోశాం.

"నీళ్ళు లేకపోతే ఏం పోయింది? ఐరాగ్ ఉందిగా!" అన్నాడు షరవ్. "తడి తడే. బుడగ వచ్చినచోట చిల్లు."

మాకెవరికీ తప్పనిపించలేదు. పైగా భలే తెలివి అనుకున్నాం. పాలవస్తువు నేలపాలు చెయ్యకూడదు గనక షరవ్ గిన్నె కింద పట్టుకుని, ఉంగరపు వేలితో భక్తిగా ట్యూబు మీద అద్దుకుంటూ పోయాడు.

"ఇదిగో బుడగ!"

"ఇక్కడోటి!"

"అమ్మో, ఇటు చూడండి, మూడు!"

ట్యూబంతా బుడగలే. అందులో ఒకచోట బఠాణీ గింజంత బుడగ నిలబడింది. "ఇదే! ఇదే దొంగ!" అని అందరం అరిచాం. నేను కూడా అరిచాను, దాచుకోవడమెందుకు. యంజ్‌మా దగ్గర పచ్చి రబ్బరు ఇంకొక్క ముక్కే మిగిలింది. రుద్దింది, అతికించింది, పిస్టన్ బిగించి కాల్చింది. త్సెవీన్ ఒక బండరాయి మీద కూర్చుని టోపీ మొహం మీదకి లాక్కున్నాడు, భుజాలు అదురుతున్నాయి. పాపం దగ్గనుకున్నాను.

టైరు ఎక్కించి, నాలుగు వందలు కొట్టి, నుదురు తుడుచుకుని నిలబడితే, మా కళ్ళ ముందే చక్రం మళ్ళీ కుంగింది.

యంజ్‌మా ఆ గిన్నెలోకి చూసింది. గిన్నెలో ఐరాగ్ ఎవరూ తాకకుండానే చిటపటమని బుడగలు పోసుకుంటోంది.

"అక్కా," అంది నీరసంగా, "ఇది ఊరికే ఉన్నా పొంగుతుంది కదే."

పుట్టినప్పట్నుంచి అదే తాగి పెరిగిన పదకొండుమందిమి! ఒక్కళ్ళకి తట్టలేదు. షరవ్ మొహం చూడాలి అప్పుడు. కొత్త పెళ్ళికొడుకు కిసుక్కున నవ్వాడు. ఖోర్లో పెద్దమ్మకి పట్టపగ్గాల్లేవు. "బాగుంది! ట్యూబుకి తాగించి అతుకులేసే డ్రైవరు! మా గంజూర్‌కి చెప్పాలి, వారం రోజులు నవ్వుకుంటాడు." ఆ ముసిల్దాని పేరుకి చక్రం అని అర్థం. పేరు పెట్టిన లామా నోరు చూసి పెట్టాడు, తిరుగుతూనే ఉంటుంది.

యంజ్‌మా ఇనపపట్టీలు అందుకుంది. ట్యూబు మళ్ళీ ఊడదీసి, నిండా గాలి కొట్టి, మమ్మల్నందర్నీ బండిలోకి ఎక్కించి, తనూ ఎక్కి తలుపులన్నీ వేసింది. "ఊపిరి బిగబట్టండి. ఎవరైనా కదిలారో, ఇక్కడే దింపేస్తాను," అంది. పదకొండుమందిమి బుగ్గలు ఉబ్బించుకుని కూర్చున్నాం. ఆమె పెదవి తడి చేసుకుని, ట్యూబుని పెదవికి ఆనించి అంగుళం అంగుళం జరుపుతూ పోయింది. చూస్తుంటే నా కళ్ళు తిరిగాయి. చివరికి ఆగింది. వాల్వు మొదట్లో, ఇత్తడి గొట్టం రబ్బరులో కలిసేచోట, వెంట్రుకంత చిరుగు. గాలి తగ్గిన ట్యూబు టైరులో జరిగి వాల్వుని లాగేసింది.

అక్కడ పిస్టన్ కూర్చోదు. కూర్చున్నా రబ్బరు లేదు. ఇంకా ఎనభై కిలోమీటర్లు. పన్నెండున్నర.

అదే సమయానికి ఒక లారీ వచ్చింది. ఆగిపోయిన బండిని చూసి ఆగకుండా పోయే డ్రైవరు మా నేల మీద ఇంకా పుట్టలేదు. ఆ అబ్బాయి దిగి, చూసి, "లాక్కెళతాను పద, తాడుంది," అన్నాడు. "మీ ఊరు దాటే పోతున్నాను."

అందరి కళ్ళూ యంజ్‌మా మీద. సరే అంటే సాయంత్రానికి ఊళ్ళో ఉంటుంది, ఓడిపోయి.

"తమ్ముడూ, చల్లగా ఉండు. ఫ్లాస్కులో టీ ఉంది, తాగి వెళ్ళు," అంది యంజ్‌మా.

"పిచ్చా నీకు?" అన్నాడతను.

"ఆఁ, కొంచెం."

లారీవాడు టీ తాగి, తల గోక్కుని, రావాలనుకున్నవాళ్ళని ఎక్కించుకుంటానన్నాడు. అయిదుగురు ఎక్కారు. నేను వాళ్ళని తప్పుపట్టను, ఒకరికి చంటిపిల్ల ఉంది. ఖోర్లో పెద్దమ్మ మాత్రం కదల్లేదు.

"నువ్వు ఎక్కవా?" అన్నాను.

"ఎందుకెక్కుతాను? దీని ఓటమి నా కళ్ళతో చూసి నా కొడుక్కి చెప్పాలి," అని బాసింపట్టు వేసుకుని కూర్చుంది.

లారీ రేపిన దుమ్ము అణిగిపోయింది. యంజ్‌మా ఉన్ని బస్తా మీద కూలబడింది. అప్పుడు చూశాను ఆ పిల్ల కళ్ళలో నీళ్ళు. నోటికొచ్చిన దేవుళ్ళందర్నీ తిట్టాను. ఆమె తల వంచుకుని బస్తా చిరుగులోంచి ఉన్ని పీకుతోంది, పీకి వేళ్ళ మధ్య ఉండ చేస్తోంది, నలుపుతోంది. చేతి మీద ఐరాగ్ తడి ఇంకా ఉంది. ఆ ఉండ గట్టిపడింది. దాన్ని చూసింది. నేలకేసి కొట్టింది. మళ్ళీ చూసింది.

"అక్కా, కంబళి ఎలా చేస్తాం?"

"ఏం ప్రశ్నే అది?" అన్నాను. గుడారం మీద కప్పే కంబళి చెయ్యడం మాలో నడక వచ్చిన పిల్లకి కూడా తెలుసు. మగ్గం లేదు, నేత లేదు. ఉన్ని పరిచి, తడిపి, చుట్టగా చుట్టి, గుర్రానికి కట్టి మైదానంలో దొర్లించడమే.

"దొర్లినకొద్దీ ఏమవుతుంది?"

"బిగుసుకుంటుం..." అని ఆగిపోయాను.

"షరవ్ అన్నా! నీ ఉన్ని కావాలి. మూడు బస్తాలు. నీ ఐరాగ్ కూడా."

షరవ్ ఒక్క క్షణం బస్తాలవైపు, ఒక్క క్షణం గిన్నెవైపు చూశాడు. ఆ ఐరాగ్ సలహా వాడి గొంతులో ముల్లులా ఉంది మరి. "తీసుకో తల్లీ. నన్ను కూడా కుక్కెయ్ అందులో," అన్నాడు.

ఇక చూడండి! టైరు ఒక అంచు రిమ్ములో ఉంచి, రెండో అంచు సందులోంచి ఉన్ని కూరడం మొదలుపెట్టాం. షరవ్ ఐరాగ్ చిలకరిస్తాడు, కొత్త జంట ఉన్ని దూది ఏకినట్టు ఏకి అందిస్తారు, నేను తడిపి పిండుతాను, యంజ్‌మా ఇంజను తిప్పే ఇనపకడ్డీతో దంచి దంచి లోపలికి తోస్తుంది. పిడికెడు కూరితే ఇంకో పిడికెడుకి చోటు. ఒక బస్తా మింగేసింది ఆ టైరు, చాలలేదు. నేను అలసిపోయి చేతులు దులుపుకుంటుంటే పక్కనుంచి ఒక మోచేయి నన్ను నెట్టింది.

"ఏం పిండడమే అది? పిల్లి గోకినట్టు! నీకు చారు కాచడం తప్ప ఏమొచ్చు? జరుగు." ఖోర్లో పెద్దమ్మ. చేతులు మోచేతుల దాకా మడిచేసింది. "నేను పద్నాలుగు గుడారాలకు కంబళ్ళు చేశాను. అడ్డం పరిచి, ఆ పైన నిలువు పరచాలి. ఏయ్ పాలమ్మాయ్, నిలువు! నిలువు అంటున్నానా! అలా కూరితే పది అడుగుల్లో కుప్ప కడుతుంది."

"నువ్వు ఓటమి చూడ్డానికి కదా ఉన్నావు?" అన్నాను.

"చూస్తాను, చూస్తాను. ముందు ఉన్ని పాడు చెయ్యకండి. కళ్ళతో చూసి ఊరుకోలేను."

అప్పుడు త్సెవీన్ లేచాడు. పొద్దుట్నుంచి నోరు విప్పని మనిషి మా దగ్గరకొచ్చి నిలబడ్డాడు. మేం చేతులాపేశాం. సాయం చేస్తాడేమో, చేస్తే పరీక్ష పోతుందేమో అని భయపడ్డాను. ఆయన టోపీ సరిగ్గా పెట్టుకుని, కంబళి చేసేవాళ్ళు దారిలో ఎదురైతే ఎవరైనా అనవలసిన మాట అన్నాడు.

"ఎముకంత గట్టిపడాలి, మంచులా తెల్లబడాలి."

"మీ నోటి చలవ వల్ల అలాగే కావాలి," అన్నాం అందరం, ఆనవాయితీగా. ఆయన వెళ్ళి మళ్ళీ రాయి మీద కూర్చున్నాడు. యంజ్‌మా అటు తిరిగి కళ్ళు తుడుచుకుంది.

మూడో బస్తా సగమయ్యేసరికి ఇక వేలు దూరలేదు. మిగిలిన అంచు ఎక్కించడానికి నలుగురం టైరు మీద నిలబడి గెంతితే, యంజ్‌మా ఇనపపట్టీలతో లాగి పట్టేసింది. చక్రం బిగించి, పుస్తకాలన్నీ ఎడమవైపు సర్ది, రెండింటికి కదిలాం. మొదట బండి కుంటి ఒంటెలా ఎగిరెగిరి పడింది. నా తల రెండుసార్లు పైకప్పుకి కొట్టుకుంది. ఎనిమిది కిలోమీటర్లకి ఆపి చూస్తే ఉన్ని అణిగి టైరు వదులైంది. ఇంకో అరబస్తా కూరాం. మరో పదిహేను కిలోమీటర్లకి మళ్ళీ ఆపితే, యంజ్‌మా దిగి కాలితో తన్ని, "అబ్బా!" అని బొటనవేలు పట్టుకుంది. ఎంత సంతోషంగా అందో ఆ అబ్బా! బిగిసింది. కంబళి బిగిసినట్టే బిగిసింది.

ఆ తర్వాత బండి సాఫీగా పోయింది. షరవ్ పాట ఎత్తుకున్నాడు, పెళ్ళికూతురు అందుకుంది. ఖోర్లో పెద్దమ్మ తల ఊపుతోందేమో అనుకున్నాను గానీ, చెవి పెట్టి చక్రం చప్పుడు వింటోంది. "వెనక ఎక్కడో ఒక పిడికెడు తక్కువ పడింది," అని గొణిగింది.

సభ గుడారం ముందు బండి ఆగేసరికి అయిదుకి పది నిమిషాలు తక్కువ. లారీలో వచ్చినవాళ్ళు ముందే చెప్పేసినట్టున్నారు, ఊరంతా అక్కడే ఉంది, బండి ఈ జన్మకి రాదని పందాలు కూడా కాశారట. జనం మూగి చక్రాన్ని తడుముతున్నారు, తడుతున్నారు. టైరు పక్కల నుంచి తెల్లటి ఉన్ని పీచులు బయటికొచ్చి ఉన్నాయి. ఎవరో నవ్వారు. తర్వాత ఎవరూ నవ్వలేదు.

ఊరి పెద్ద బయటికొచ్చి త్సెవీన్‌ని అడిగాడు. "ఏమంటావు?"

"వచ్చింది," అన్నాడు త్సెవీన్. "వేరే బండివాడి చెయ్యి పడలేదు. వాడు లాక్కెళతానంటే టీ ఇచ్చి పంపింది."

గంజూర్ మా వేళ్ళకంటిన ఉన్ని చూసి ముందుకొచ్చాడు. "పంక్చర్ వేసుకోవడం అంటే ఇదా? పైగా ఆరుగురి చేతులు పడ్డాయి దాంట్లో! ఒంటరిగా చేసుకున్నది కాదిది. చెల్లదు." కుర్రాడి మాటలో న్యాయం లేకపోలేదు, పాడు న్యాయం. యంజ్‌మా చూపు దించలేదు.

ఊరి పెద్ద గడ్డం నిమురుకుని మావైపు చూశాడు. "బండిలో పెద్దవాళ్ళెవరు? ఖోర్లో పెద్దమ్మా, నువ్వే చెప్పు. నువ్వు పక్షపాతం చూపించావని ఎవరూ అనలేరు. చేతులు పడ్డాయా?"

ఖోర్లో పెద్దమ్మ మెల్లగా బండి దిగింది. వేళ్ళకి ఇంకా ఉన్ని అంటుకునే ఉంది. కొడుకు మొహంలోకి చూసింది, వాడు తలాడించాడు, చెప్పమ్మా అన్నట్టు.

"పడ్డాయి," అంది.

గంజూర్ ఛాతీ విరుచుకున్నాడు.

"నావి కూడా పడ్డాయి. నావే ఎక్కువ పడ్డాయి. ఈ వంటది సగం ఉన్ని పాడు చేసింది, నేను చూసుకోకపోతే దారిలోనే పోయేది." నావైపు ఒక చూపు విసిరి, ఊరి పెద్ద వైపు తిరిగింది. "ఏమయ్యా, నీ పెళ్ళి గుడారానికి కంబళి చేసినప్పుడు నేనొచ్చాను కదా? ఊళ్ళో సగంమంది వచ్చారు కదా? ఆ గుడారం ఎవరిదంటే నాది అంటావా, ఊరిదంటావా?"

ఊరి పెద్ద గడ్డం వదిలేసి టైరు మీద చెయ్యి వేశాడు.

"కంబళికి చేతులు లెక్కపెట్టినవాణ్ణి నా డెబ్భై ఏళ్ళలో చూడలేదు. ఎవరి బుర్రలో పుట్టిందో వాళ్ళదే."

"అమ్మా!" అన్నాడు గంజూర్. "నువ్వు నా తల్లివి!"

"తల్లినే రా, కాదన్నానా? రాత్రికి నీకిష్టమని మాంసం కుడుములు చేస్తాను. అది వేరు, ఇది వేరు." చెంప పట్టుకుంది, పన్ను సలిపినట్టుంది. "నన్ను పట్నంలో మర్చిపోయి వచ్చావు. ఇది చక్రం పోయినా, లోకం పోయినా నన్ను దింపకుండా ఇంటికి తెచ్చింది. సోమవారం నాకు పన్ను పీకించుకునే పనుంది."

అంటూనే యంజ్‌మా దగ్గరకి వెళ్ళి, ఉన్ని అంటిన చేత్తో ఆమె భుజం పట్టుకుంది.

"ముందు సీటు నాకు ఉంచు డ్రైవరమ్మా. కిటికీ పక్కన."